లేని శుక్రవారానికి పెట్టిన గడువు

నవంబరు 21, సోమవారం

ఈ ఊళ్ళో అన్నింటికంటే పెద్ద ఇల్లు పాస్టరు గారిది. దాని పక్కన చర్చి, చర్చి వెనక హాలు, హాలు వెనక ఇంకో హాలు. ఇప్పుడు మూడో హాలు కావాలట. ఎక్కడ? మా చంటిపిల్లల బడి ఉన్నచోట.

ఇవాళ పెద్దల సభలో ఈ మాట అన్నది పేసెతా. సభ తరఫున మాట్లాడే పెద్ద ఆయనే కదా, నోరు ఆయన ఉద్యోగం. ఈగలు తోలుకునే కొబ్బరిపీచు కుచ్చు భుజాన వేసుకుని, గొంతు సవరించుకుని, "తాగడానికి చుక్క నీళ్ళు లేని బడి బడేనా? ఆ డ్రమ్ము చూడండి, తుప్పు!" అన్నాడు.

స్త్రీల కమిటీ కార్యదర్శిగా నన్ను చాప చివర కూర్చోబెట్టారు. అడిగినప్పుడే మాట్లాడాలి. ఎవరూ అడగలేదు, మాట్లాడాను. "ఆ డ్రమ్ముకి తుప్పుపట్టి మూడేళ్ళయింది. పెద్దల కళ్ళకి హాలు కావాల్సినప్పుడే కనపడిందా?"

గోల. పాపం ఊరి పెద్దాయన, ఎనభై దాటాయి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విని తీర్పు చెప్పాడు. ఏడాది ఆఖరి శుక్రవారం, సాయంత్రం ప్రార్థన శంఖం ఊదేలోపు బడి కుళాయిలో నీళ్ళు రావాలి. వస్తే స్థలం బడిది. రాకపోతే హాలుది.

రాకపోతే ముప్ఫైయొక్క మంది పిల్లలు. అయిదేళ్ళు నిండని కాళ్ళు. పక్క ఊరి బడి నాలుగు మైళ్ళు.

ఇంటికొచ్చి కంప్యూటరు తెరిచాను. టీచర్ల సంఘం శిక్షణలో నేర్పిన పనుల జాబితా ఉంది కదా, అది. ఏ పని ముందు, ఏది వెనక, దేనికి ఏ గడువు. ఒక పని అయితేనే తర్వాతది తెరుచుకుంటుంది, అందాకా బూడిదరంగులో పడి ఉంటుంది. గడువు దాటితే ఎర్రబడుతుంది. పని నుంచి పనికి బాణాలు. ఎంత శుభ్రమైన వస్తువు! పెద్దల సభకి ఇలాంటిదొకటి ఉంటే ఈ దేశం ఎప్పుడో బాగుపడేది.

మొత్తం పన్నెండు పనులు. ఇసుక, కంకర, కాంక్రీటు దిమ్మ, అది గట్టిపడటానికి ఏడు రోజులు, సంఘం పంపే ట్యాంకుని రేవు నుంచి తేవడం, వాననీళ్ళని ట్యాంకులోకి దించే చూరు గొట్టాలు, కుళాయి. ఆఖరి గడువు డిసెంబరు 30, శుక్రవారం. వాన మాత్రం ఏ బాణం కిందా ఇమడలేదు. వదిలేశాను. డిసెంబరులో ఇక్కడ వాన పడకుండా ఆపగలిగినవాడు లేడు.

మొదటి పని: లోసా వదినతో మాట్లాడాలి. గడువు: రేపు.

ఊరి మొత్తానికి ఒక్క కాంక్రీటు మిక్సరు, ఒక్క లారీ. వదిన భర్త, పోయిన అన్నయ్యగారు కాంట్రాక్టులు చేసిన రోజులవి, రెండూ వదిన కొట్టంలోనే ఉన్నాయి.

నవంబరు 22, మంగళవారం

రేపు.

నవంబరు 24, గురువారం

వదినకి చర్చి క్వాయిరు పాటల సాధన ఉందట. సాధన మధ్యలో వెళ్ళి మాట్లాడటం మర్యాద కాదు. గడువు సోమవారానికి జరిపాను. ఒక్కటి జరిపితే దాని వెనక పదకొండూ వాటంతట అవే జరిగాయి. ముచ్చటేసింది.

ఈలోగా ఊరికే కూర్చోలేదు. పత్రికకి ఉత్తరం రాశాను. మన ప్రభుత్వం సముద్రం మధ్య గీసిన అంతర్జాతీయ తేదీ రేఖకి అటుపక్కకి దూకుతోంది. గురువారం డిసెంబరు 29న పడుకుంటే శనివారం 31న లేస్తాం. మధ్యలో శుక్రవారం ఉండదు, పుట్టదు. ఎందుకట? ఆస్ట్రేలియా వాళ్ళతో, న్యూజీలాండు వాళ్ళతో వ్యాపారానికి వీలట. రెండేళ్ళ కిందట వాళ్ళ పాత కార్లు చవగ్గా వస్తాయని రోడ్డు మీద కుడిపక్క వాళ్ళని ఎడమపక్కకి మార్చారు. ఇప్పుడు రోజు. రేపు వాళ్ళకి వీలుగా ఉంటుందని మనల్ని తలకిందులుగా నడవమంటారేమో! ఆ తేదీన పుట్టినవాడి పుట్టినరోజు ఏమైంది? ఎవరినడిగి తీసేశారు?

నాలుగు పేజీలు. చేతికి హాయిగా ఉంది.

నవంబరు 28, సోమవారం

మొదటి గీత ఎర్రబడింది.

మా ఆయన ఎలిసారా చామ తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ తెర వంక చూశాడు. "మా అక్క పేరు ఎర్రగా ఉందేం?"

"గడువు దాటింది."

"అక్కకా, నీకా?"

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈ మనిషి నాతో వాదించడు. ఇలా ఒక్క మాట అనేసి స్నానానికి పోతాడు. వాదించేవాడితో బతకడం ఎంత సుఖమో!

నేనేం తప్పు చేశాను? జులైలో నేను రాసిన ఉత్తరంలో వదిన పేరు లేదు. "బడిపిల్లలు తుప్పు నీళ్ళు తాగుతుంటే క్వాయిరుకి కొత్త తెల్లబట్టలు కుట్టించే ఊళ్ళు ఉన్నాయి" అన్నాను. ఊళ్ళు. బహువచనం. ఆ ఏడాది కొత్త తెల్లబట్టలు కుట్టించిన క్వాయిరు ఈ దీవి మొత్తానికి మాదొక్కటే కావడం, దాని నాయకురాలు మా వదిన కావడం నా చేతిలో ఉన్న విషయాలు కావు.

అయిదు నెలలుగా మాటల్లేవు. గడువు గురువారానికి.

డిసెంబరు 1, గురువారం

శనివారానికి.

డిసెంబరు 3, శనివారం

గొప్ప రోజు! బాణం ఉందని దాని వెంటే నడవాలా? ఇసుక తేవడానికి లారీ ఎందుకనిపించింది. పొద్దున్నే కమిటీ ఆడవాళ్ళం ఇరవై ఇద్దరం కొబ్బరాకు బుట్టలతో బయల్దేరాం. పాటలు, బూతులు, నవ్వులు. మధ్యాహ్నానికి ఇసుక, కంకర బడి ముందు రెండు గుట్టలు. వదిన మీదుగా వెళ్ళే బాణం ఒకటి చెరిపేశాను. శ్రమజీవుల సమష్టి బలం ముందు ఒక లారీ ఎంత!

మేస్త్రీ ఫిలిపో గుట్టల్ని చూసి తలూపాడు. "బాగుందక్కా. మిక్సరేది?"

"చేత్తో కలపలేవా?"

"కలపొచ్చు. నిండిన ట్యాంకు దాని మీద కూచున్నాక పిల్లలు చుట్టూ ఆడుకుంటారు కదా, అప్పుడు పగిలితే నా పేరు చెప్పకు."

ఈ కార్మికవర్గానికి సొంత బలం మీద నమ్మకం లేదు.

డిసెంబరు 7, బుధవారం

దిమ్మ గడువు డిసెంబరు 20. ఏడు రోజులు గట్టిపడితే 27. ట్యాంకు 28. కుళాయి 29. నీళ్ళు 30. అంటే వదినతో 19 దాకా మాట్లాడకపోయినా కొంపేం మునగదు. జాబితా గొప్పతనం ఇదే, ఎంత వ్యవధి మిగిలిందో ముందే చెబుతుంది. తొందరపాటు పనికిరాదు.

గడువు: 19.

డిసెంబరు 12, సోమవారం

ఉత్తరం అచ్చయింది! కోత లేకుండా! "ఈ ఏడాదికి ఆఖరి శుక్రవారం డిసెంబరు 23 మాత్రమే. ఆ తర్వాతి శుక్రవారాన్ని ప్రభుత్వం మన నోటి దగ్గర నుంచి లాక్కుంది" అనే వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో పైన వేశారు. నా వాక్యాల్లో మంచివాటిలో ఇదొకటి.

ఎలిసారా చదివి, "బాగుంది" అన్నాడు. కాసేపాగి, "23 అనే రాశావా?" అన్నాడు.

"ఎన్ని రాయమంటావు?"

"ఊరికే అడిగా."

డిసెంబరు 14, బుధవారం

కలం కాగితాన్ని చింపుతోంది. కోపంతోనే.

కొట్టు దగ్గర బల్ల మీద పేసెతా పత్రిక విప్పుకుని కూర్చున్నాడు. చుట్టూ పదిమంది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. లేచి నిలబడటం! అప్పుడే అనుమానించాల్సింది.

"రండి టీచరమ్మా, మీ గురించే అనుకుంటున్నాం. ఎంత బాగా రాశారు! మళ్ళీ చదవమంటారా?" అని సభలో చదివినట్టు చదివాడు. "'ఈ ఏడాదికి ఆఖరి శుక్రవారం డిసెంబరు 23 మాత్రమే.'"

"అవును. అందులో తప్పేముంది?"

"తప్పని నేనన్నానా? అక్షరసత్యం. మాకు ఇంత బాగా అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు." కుచ్చుతో ఒక ఈగని మెల్లగా తోలాడు. "పెద్దాయన తీర్పు ఏమిటి? ఏడాది ఆఖరి శుక్రవారం. మేమంతా 30 అని పొరపడ్డాం. మీరే దిద్దారు. ఇంకా తొమ్మిది రోజులున్నాయి, చాలు కదండీ?"

పదిమందీ నవ్వారు. కొట్టువాడు బిస్కెట్ల డబ్బా వెనక దాక్కుని నవ్వాడు.

తిన్నగా పెద్దాయన దగ్గరికెళ్ళాను. ప్రభుత్వం ఒక రోజుని చంపేసినంత మాత్రాన అది లేకుండా పోదనీ, తీర్పు చెప్పిననాడు అందరి మనసులో ఉన్నది 30 అనీ, ప్రజల మనసులో ఉన్న రోజే అసలు రోజనీ అరగంట వాదించాను. ఆయన చెవి దగ్గర చెయ్యి తియ్యలేదు.

"అమ్మా తాలితా, ఆ శుక్రవారం లేదని దేశానికి చెప్పిందీ నువ్వే, ఉందని నాకు చెబుతున్నదీ నువ్వే. నేను ముసలాణ్ణి. మీ ఇద్దరిలో ఎవరి మాట వినమంటావు?"

ఇంటికొచ్చి ఆఖరి గడువు 30 తీసి 23 పెట్టాను. తెర మొత్తం ఎర్రబడింది, పై నుంచి కింది దాకా. దేశమంతటికీ చెప్పాను. నా జాబితాకి చెప్పలేదు.

వెనక నుంచి లెక్కేశాను. 23న కుళాయి. 22న ట్యాంకు. దానికి ఏడు రోజుల ముందు దిమ్మ. అంటే 15. అంటే రేపు.

ఆ మొదటి గీతని వేలితో నొక్కితే ఎన్నిసార్లు జరిపానో చూపించింది. తొమ్మిదిసార్లు. ప్రతి పనికీ వెనక నుంచి ఒక బాణం వచ్చి తగులుతోంది, దానికి తప్ప. దాన్ని ఆపుతున్న పని ఏదీ ఈ జాబితాలో లేదు.

డిసెంబరు 15, గురువారం

రాయడానికి చాలా ఉంది, ఒళ్ళంతా సిమెంటు.

తెల్లారగానే వెళ్ళాను. వదిన ముందు అరుగు మీద కూర్చుని సీమపనసకాయ చెక్కు తీస్తోంది. తలెత్తలేదు.

"ఎవరది?"

"నేను, వదినా."

"నేనంటే? పేరు లేదా? అవునులే, నువ్వు పేర్లు రాయవుగా. ఊళ్ళు అంటావు."

అయిదు నెలలు దాచుకున్న మాట. ఎంత నున్నగా వచ్చిందో!

"వదినా, మిక్సరు కావాలి. ఇవాళే."

"అంతేనా?"

"లారీ కూడా. ట్యాంకు రేవులో ఉంటుంది, తేవాలి."

"ఇంకేం వద్దా? ముందు ఆ ఉత్తరం తప్పని చెప్పు."

"ఉత్తరం తప్పెలా అవుతుంది? పిల్లలు తుప్పు నీళ్ళు తాగింది నిజం కాదా? బట్టలు కుట్టించింది నిజం కాదా?"

"ఆ బట్టలు ఎవరు కుట్టారు? నేనూ, ఇంకో నలుగురం, పాత దుప్పట్లు తెలుపు చేసి కుట్టాం. ఒక్కసారి గుమ్మంలోకొచ్చి అడిగావా? పత్రికవాడికి చెప్పే ముందు నాకు చెప్పావా?"

నా దగ్గర జవాబుంది. రెండు జవాబులున్నాయి. గడువు గుర్తొచ్చి రెండూ మింగేశాను.

వదిన చాకు పక్కన పెట్టి లేచింది. "రా." కొట్టం వెనక్కి తీసుకెళ్ళింది. టార్పాలిన్ పట్టా కింద ఏదో గుండ్రంగా, ఆకుపచ్చగా. పట్టా లాగింది.

ట్యాంకు!

"పదిహేను రోజులైంది తెచ్చి. రేవుకెళితే ఆ గుమాస్తా, మీ ఊరి ట్యాంకు ఎండలో పడి ఉంది తీసుకుపొమ్మన్నాడు. నువ్వొచ్చి అడుగుతావని చూశా, చూశా. ఇక రావని కోళ్ళకిచ్చేశా."

పక్కకి పడుకోబెట్టిన ట్యాంకు లోపల నుంచి ఒక పెట్ట నావైపు కోపంగా చూసింది. దాని కింద నాలుగు గుడ్లు.

పదిహేను రోజులుగా అయిపోయి ఉన్న పని నా జాబితాలో బూడిదరంగులో పడి ఉంది.

"మిక్సరు తీసుకుపో. లారీ నేనే నడుపుతా," అంది వదిన. "ఒక్క షరతు. క్రిస్మసు రోజు క్వాయిరులో నిలబడి పాడాలి. తెల్లబట్టల్లో."

"నాకు పాట రాదు వదినా."

"తెలుసే. అందుకే."

ప్రార్థన శంఖానికి అరగంట ముందు దిమ్మ పూర్తయింది. ఫిలిపో దాని మీద తడి గోనెలు పరిచి, "ఏడు రోజులు. మీ పేపర్లో తేదీలు మార్చినట్టు ఇక్కడ మార్చకండి, దీనికి చదువు రాదు," అన్నాడు.

డిసెంబరు 16, శుక్రవారం

వాన.

డిసెంబరు 18, ఆదివారం

వాన. దిమ్మ మీద గోనెలు తడపాల్సిన పనే లేదు. జాబితాలో ఆ పనికి ప్రకృతే టిక్కు పెడుతోంది.

డిసెంబరు 22, గురువారం

ఏడు రోజులు నిండాయి. ఇరవై ఇద్దరం, క్వాయిరు వాళ్ళు పదహారు మంది, కలిసి ట్యాంకుని దొర్లించి దిమ్మ మీద నిలబెట్టాం. కోడిపెట్టకి వదిన వేరే గంప ఇచ్చింది. చూరు గొట్టాలు బిగించారు. ఆకాశం వంక చూశాం.

నిన్నటి నుంచి ఒక్క మబ్బు లేదు.

డిసెంబరు 23, శుక్రవారం

ఎండ. మధ్యాహ్నం మూడింటి దాకా ఎండ. నీలంగా ఉన్న ఆకాశాన్ని జన్మలో ఇంతగా అసహ్యించుకోలేదు. కుళాయి బిగించి ఉంది, తిప్పితే గాలి వచ్చింది. పేసెతా చెట్టునీడన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. రెండుసార్లు నిద్రపోయాడు. అంత ధీమా!

నేను అప్పటికే పెద్దాయనకి చెప్పాల్సిన ఉపన్యాసం మనసులో తయారు చేసుకుంటున్నాను. వాన మీద పెట్టిన షరతు షరతే కాదని మొదలవుతుంది. వదిన నా మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"ఏమే మరదలా, తీర్పులో వాన అన్నారా?"

"అనలేదు. నీళ్ళన్నారు."

"మరి నోరు మూసుకుని బకెట్టు పట్టుకో."

సముద్రం ఒడ్డున ఊటగుంట నుంచి బడి దాకా నిలబడ్డాం. బకెట్టు చేతి నుంచి చేతికి. ట్యాంకు పక్కన లారీ పెట్టి దాని మీద నిచ్చెన, నిచ్చెన మీద ఫిలిపో. వదిన లారీ ఎక్కి పాట ఎత్తుకుంది. క్వాయిరు అందుకుంది. అప్పుడు తెలిసింది, పదహారుమంది ఒకే తాళంలో ఉంటే బకెట్టు ఎంత త్వరగా కదులుతుందో. (ఇది పత్రికకి రాయను.) వరసలో నా ఎదురుగా పేసెతా భార్య. మొగుడి కుర్చీ పక్క నుంచే బకెట్టు అందించింది. ఆయన కాలు మీద కాస్త ఒలికింది కూడా. పొరపాటున కాదు.

శంఖం ఊదితే ఎవరూ దారిలో ఉండకూడదు, ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళలోకి వెళ్ళాలి. కాపలా యువకులు అప్పటికే రోడ్డు మీద నిలబడుతున్నారు. నూట నలభయ్యో బకెట్టు. నీళ్ళు కుళాయి మట్టం దాటలేదు. నూట తొంభై.

"తిప్పండి!" అన్నాడు పైనుంచి ఫిలిపో.

పెద్దాయన్ని నడిపించుకొచ్చారు. ఆయన చేత్తోనే తిప్పించాం. ఒక దగ్గు, ఒక తుమ్ము, తర్వాత ఒక కోడి ఈక వచ్చింది. ఆ తర్వాత నీళ్ళు!

పేసెతా లేచి వచ్చి, దోసిలి పట్టి, తాగాడు. ఆయన మొహం చూడాలి.

"ఉప్పగా ఉన్నాయి."

నిజమే. సముద్రం పోటు మీదుంది, ఊటగుంటలో కలిసింది.

"పేసెతా," అన్నాడు పెద్దాయన, "నీళ్ళు వచ్చాయా, రాలేదా?"

నోరు ఉద్యోగంగా ఉన్న మనిషి కుచ్చు తీసి లేని ఈగని తోలాడు.

"వచ్చాయి."

శంఖం ఊదారు. అందరం పరుగు. నేను ఇంట్లోకి పరిగెత్తుతూ ఏడ్చాను. చెమటై ఉండొచ్చు.

డిసెంబరు 24, శనివారం

వాన! కుండపోత! ఇప్పుడా!

డిసెంబరు 25, ఆదివారం

పాడాను. తెల్లబట్టల్లో. దుప్పటి అని తెలిశాక చూస్తే నిజంగానే దుప్పటి, భుజం దగ్గర పాత పువ్వు ఇంకా లేతగా కనపడుతోంది. మూడో పాటలో వదిన వెనక్కి తిరిగి, "నోరు మాత్రం ఆడించు," అంది.

ఎలిసారా ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వి నవ్వి.

డిసెంబరు 29, గురువారం

జాబితాలో పన్నెండింటికీ టిక్కులు పెట్టాను. ట్యాంకులో ఉప్పునీళ్ళు వదిలేశాం, ఇప్పుడు అంచుదాకా వాననీళ్ళు.

సాయంత్రం వదిన గుడ్లు పట్టుకొచ్చింది. "కోళ్ళు ఇల్లు పోగొట్టుకున్నా నీ మీద కోపం పెట్టుకోలేదు చూడు," అంది. చాలాసేపు కూర్చుంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగింది.

"నువ్వింకా ఒక్క మాట చెప్పలేదు తాలితా."

"జాబితాలో రాసుకున్నాను వదినా. పదమూడో పని. గడువు కూడా పెట్టుకున్నాను."

"ఎప్పటికి?"

"రేపటికి. శుక్రవారం."

"సరే అయితే," అని చక్కగా వెళ్ళిపోయింది. నేను తలుపు వెనక నోరు నొక్కుకుని నవ్వాను.

డిసెంబరు 30, శుక్రవారం

చెప్పాను.

డిసెంబరు 31, శనివారం

పొద్దున్నే వదిన. నడుం మీద చేతులు.

"నిన్న చెబుతానన్నావు."

"చెప్పాను వదినా. నిన్న శుక్రవారం మీ ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, ముందు నిన్ను అడక్కుండా రాయడం నాదే తప్పని పూర్తిగా చెప్పాను. నువ్వే లేవు."

వదిన నన్ను పైనుంచి కింద దాకా చూసింది. వాదానికి సిద్ధంగా ఉన్నాను. ప్రభుత్వం, తేదీ రేఖ, అన్నీ వరసగా పేర్చుకుని ఉన్నాను.

"అలాగా," అంది. "నేనూ నిన్ననే క్షమించేశానే. నువ్వెక్కడికి పోయావు?"

నాకు యాభై మూడేళ్ళు. పేర్చుకున్న వాదాన్ని మొదటిసారి విప్పకుండానే వదిలేశాను. లోపల ఎలిసారాకి కాఫీ పొలమారింది.

ఆమె మెట్లు దిగి బడి దాటి వెళ్ళిపోతోంది. ట్యాంకు దగ్గర ఆగి, కుళాయి తిప్పి, చెయ్యి కడుక్కుని మళ్ళీ బిగించింది. అక్కడికి పరిగెత్తాను. చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను.

"వినపడలేదే," అంది వదిన.

మళ్ళీ చెప్పాను.